ఫర్నిచర్ పరిశ్రమ లాబీయింగ్ – 4వ పాఠం: ముసాయిదా నియమానికి అభిప్రాయం రాయడం

అమెరికాలో ఫర్నిచర్ మీద ఏ సంస్థకు ఎంత అధికారం ఉందో కిందటి పాఠంలో చూశాం. బీరువాలు తూలి పడడం, సోఫాలు అంటుకోవడం వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ (సీపీఎస్సీ) చూస్తుంది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల్లోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు సంగతి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) చూస్తుంది. ఈ పాఠంలో రాతపని నేర్చుకుందాం. లాబీయింగ్ అంటే నాయకుల్ని కలవడమే అనుకుంటారు గానీ, కొలతలూ గడువులూ మారేది చాలావరకు ఈ కాగితాల మీదే.

1946 నాటి పాలనా విధానాల చట్టం ప్రకారం సంస్థ ముసాయిదాను ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురించి, అభిప్రాయాలు తీసుకోవాలి. ముఖ్యమైన అభ్యంతరాలకు తుది నియమంలో సమాధానం చెప్పాలి. చెప్పకపోతే కోర్టులో ఆ నియమం నిలవకపోవచ్చు. మీ లేఖ బలమంతా ఇందులోనే ఉంది.

ముసాయిదా చేతికి రాగానే డాకెట్ నంబరు (ఆ ఫైలు నంబరు), అభిప్రాయాలకు ఆఖరి తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత చివరి పేజీలకు వెళ్లండి. ముందున్న పేజీలన్నీ కారణాలు, లెక్కలు. కట్టుబడాల్సిన నియమం చివర్లో ఉంటుంది. అక్కడ నిర్వచనాలు, పరీక్ష పద్ధతి, అమలు తేదీ వెతకండి. అమలు తేదీ దగ్గర ఒక్క మాట పట్టి పట్టి చదవాలి: నియమం ఆ తేదీ తర్వాత తయారైన వాటికా, అమ్మిన వాటికా? అమ్మిన వాటికైతే గోదాములో ఉన్న సరుకంతా ఆ రోజు నుంచి అమ్మకానికి పనికిరాదు. బట్టల బీరువాల నియమం 2023 సెప్టెంబరు 1 తర్వాత తయారైన వాటికే వర్తించింది కాబట్టి అంతకుముందు చేసిన సరుకు దాని కిందికి రాలేదు.

ఇక లెక్క. 2022 నవంబరులో సీపీఎస్సీ ప్రచురించిన నియమంలో సొరుగుల్లో ఘనపుటడుగుకు 8.5 పౌండ్ల చొప్పున బరువు నింపి పరీక్షించాలని ఉండేది. సొరుగు లోపల 30 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు, పైదాకా ఖాళీ 6 1/8 అంగుళాలు అనుకుందాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎత్తంటే సొరుగు గోడ ఎత్తు కాదు. అడుగు నుంచి పైనున్న అడ్డం దాకా ఉన్న ఖాళీలోంచి 1/8 అంగుళం తీసేస్తే వచ్చేది. అంటే 6 అంగుళాలు. 30 × 16 × 6 = 2880 ఘనపుటంగుళాలు. 1728తో భాగిస్తే 1.667 ఘనపుటడుగులు. 8.5తో గుణిస్తే 14.2 పౌండ్లు. ఆరు సొరుగులకు 85 పౌండ్లు. అన్నీ బయటికి లాగితే అందులో చాలా భాగం ముందు కాళ్లను దాటి వచ్చేస్తుంది. దీనికి తోడు పిల్లవాడు ఎక్కినా పడకూడదు.

నిలబెట్టాలంటే వెనక బరువు పెంచాలి, లేదా ముందు కాళ్లు ఇంకా ముందుకు జరపాలి, లేదా ఒక సొరుగు తెరిస్తే మిగతావి తెరుచుకోకుండా ఇంటర్‌లాక్ పెట్టాలి. బరువు పెంచితే రవాణా ఖర్చు పెరుగుతుంది, ఇంటర్‌లాక్ పెడితే సొరుగు పట్టాలు మారతాయి. మీ లేఖలో చూపాల్సిన ఖర్చు ఇదీ, ఒక్కో బీరువాకు.

ఇప్పుడు వాక్యం. "ఈ నియమం చిన్న తయారీదారులకు తీరని భారం" అని రాస్తే సంస్థ బదులివ్వడానికి అందులో ఏమీ లేదు. ఇలా రాయండి: "అమలు తేదీ వాక్యంలో 30 రోజులు అన్నచోట 180 రోజులు అని మార్చాలి. కొత్త పట్టాలు రావడానికి 14 వారాలు, పరీక్షకు 3 వారాలు, అచ్చులు మార్చడానికి 6 వారాలు పడుతుంది. సరఫరాదారు పత్రం జత చేశాం." అంకెలు నమూనావే, మీవి మీరు పెట్టుకోవాలి. అయితే వినియోగ వస్తువుల భద్రతా చట్టం మామూలుగా 30 నుంచి 180 రోజుల లోపే గడువు పెట్టమంటుంది. అంతకు మించాలంటే సంస్థ తగిన కారణం చూపాలి. ఏడాది కావాలంటే ఆ కారణం మీరే రాసివ్వండి.

ఒకే లేఖను రెండు వందల మంది సంతకాలతో పంపితే ఒక్క వాదనగానే చూస్తారు. ఐదు కార్ఖానాల నుంచి ఐదు వేర్వేరు కొలతలు వెళ్తే ఐదు సాక్ష్యాలు. వ్యాపార రహస్యాలు మాత్రం అభిప్రాయాలు పంపే ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టకండి, అక్కడ పెట్టినవి అందరికీ కనబడతాయి. వాటిని ఎలా పంపాలో ముసాయిదా ప్రకటనలోనే ఉంటుంది.

మరో మాట. ఈ నియమం వెనక బీరువాలు మీద పడి చనిపోయిన పిల్లలున్నారు. ఆ సంగతి ఎత్తకుండా ఖర్చులే రాసిన లేఖకు విలువుండదు, ఉండకూడదు కూడా. బీరువాలు పడిపోకుండా చూసే స్టర్డీ చట్టం విషయంలో ఫర్నిచర్ తయారీదారుల సంఘం ఏహెచ్ఎఫ్ఏ, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల బృందం ఒకే ప్రతిపాదన వెనక నిలబడ్డాయి. 2022 డిసెంబరులో అది చట్టమైంది. 2023లో, ఆ నవంబరు నియమం స్థానంలో, ప్రమాణాలు రాసే సంస్థ ఏఎస్‌టీఎం తెచ్చిన ఎఫ్2057-23 తప్పనిసరైంది. అందువల్ల మీ లేఖలో ముందు ఏ రక్షణను ఒప్పుకుంటున్నారో రాయండి, మార్పు ఆ తర్వాత అడగండి.

అభ్యాసం: సొరుగు వెడల్పు 34, లోతు 15, ఖాళీ 8 1/8 అంగుళాలు. బరువు కట్టండి. 20.07 పౌండ్లు రావాలి. 20.38 వచ్చిందంటే 1/8 అంగుళం తీసేయడం మరిచారు.