సరిహద్దు ఊళ్ల చిన్న నెట్‌వర్కుల్లో ఐపీవీ6 అమర్చే పద్ధతి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల్లో మొబైల్ డేటా మీద నడిచే ఫోన్ చాలావరకు ఐపీవీ6 (ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే అడ్రసుల కొత్త పద్ధతి) అడ్రసుతోనే పనిచేస్తోంది. అదే ఫోన్‌ను ఇంట్లోనో కాలేజీలోనో వైఫైకి కలిపితే చాలాచోట్ల అది తిరిగి పాత ఐపీవీ4కు దిగిపోతోంది. తీగల మీద వచ్చే ఇంటర్నెట్‌లో ఈ వెనుకబాటును సరిచేయవలసిన వారు స్థానిక కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్లు, కాలేజీ ల్యాబుల నిర్వాహకులు, ఆసుపత్రులకూ రైస్ మిల్లులకూ జీడిపప్పు కార్ఖానాలకూ నెట్‌వర్కు చూసిపెట్టే సాంకేతిక నిపుణులు. ఈ వ్యాసం వారి కోసం. ఈ పనిలో కొత్త పరికరాలకు అయ్యే ఖర్చు చిన్న భాగమే. అడ్రసుల ప్రణాళికలోనూ, ఫైర్‌వాల్ (అనుమతి లేని రాకపోకలను ఆపే కాపలా) నియమాల్లోనూ పెట్టే శ్రద్ధ మీదే ఫలితమంతా ఆధారపడుతుందని నా అభిప్రాయం.

నేపథ్యం క్లుప్తంగా ఇది. ఐపీవీ4 అడ్రసు 32 బిట్లది కాబట్టి మొత్తం అడ్రసులు దాదాపు 430 కోట్లు మాత్రమే. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి భాగాలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి, అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ కూడా పరిమిత పంపిణీకి చేరింది. ఐపీవీ6 అడ్రసు 128 బిట్లది. మన దేశంలో టెలికాం శాఖ 2010లో ఒక మార్గ ప్రణాళికను, 2013లో దాని రెండవ రూపాన్ని విడుదల చేసింది. 2016లో జియో సేవలు మొదలైనప్పటి నుంచి ఐపీవీ6 వాడకంలో భారతదేశం ప్రపంచంలోని ముందు వరుస దేశాలలో ఒకటిగా నిలిచింది. అయితే ఆ ఘనతలో అధిక భాగం మొబైల్ ఫోన్లది.

ముందుగా ఇప్పుడున్న పరిస్థితిని చూసుకోవాలి

రూటర్ సెట్టింగుల పేజీ తెరిచి వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) అడ్రసు గమనించండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీవీ4 అడ్రసును అనేక ఇళ్లకు పంచుతున్నారని, అంటే సీజీన్యాట్ వాడుతున్నారని అర్థం. ఆ ఇంటి రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును లోపలి పరికరానికి మళ్లించడం) ఎంత చేసినా బయటి నుంచి లోపలి కెమెరాకు దారి దొరకదు. కార్ఖానా యజమాని విశాఖపట్నంలో కూర్చుని ఫోన్‌లో తన గోదాము కెమెరా చూడగలుగుతున్నారంటే, కెమెరా తయారుచేసిన కంపెనీ సర్వర్ మధ్యలో సాయపడుతున్నందువల్లనే. ఆ కంపెనీ సేవ నిలిపేసిన రోజున కెమెరా ఉన్నా దూరం నుంచి చూసే వీలు పోతుంది. ఐపీవీ6 అవసరాన్ని వినియోగదారుకు వివరించడానికి ఇంతకంటే స్పష్టమైన కారణం నాకు కనిపించదు.

తరువాత పరికరాలు. ఆపరేటర్ వైపు ఓఎల్‌టీ (ఫైబర్ తీగలన్నీ కలిసే పరికరం), ఇంటి వైపు ఓఎన్‌యూ (ఫైబర్ తీగ చివర ఉండే పెట్టె) లేదా రూటర్, మధ్యలో స్విచ్చులు ఉంటాయి. గత కొన్నేళ్లలో కొన్న ఓఎన్‌యూలలో చాలావాటికి ఐపీవీ6 సదుపాయం ఉంటుంది గాని, వ్యాన్ ప్రొఫైల్‌లో దాన్ని ఆన్ చేసి ఉండరు. మైక్రోటిక్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: రూటర్ ఓఎస్ 6లో ఐపీవీ6 విడి ప్యాకేజీగా ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేసి పరికరాన్ని రీబూట్ చేయాలి. 7లో అది మొదటి నుంచే కలిసి ఉంటుంది. స్విచ్చుల విషయంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే, అవి మల్టీకాస్ట్‌ను (ఒకేసారి అనేక పరికరాలకు వెళ్లే సందేశాలను) సరిగా దాటనిస్తాయా లేదా అని. పక్క పరికరాన్ని కనిపెట్టడానికి ఐపీవీ4లో ఏఆర్‌పీ చేసే పనిని ఐపీవీ6లో నైబర్ డిస్కవరీ చేస్తుంది, అది మల్టీకాస్ట్ మీద నడుస్తుంది. పాత స్విచ్ దాన్ని మింగేస్తే అడ్రసు వచ్చినట్టే ఉంటుంది, కాసేపటికి పక్క పరికరం కనిపించకుండా పోతుంది.

అడ్రసుల ప్రణాళిక

పొదుపు అలవాటును ఇక్కడ పూర్తిగా పక్కన పెట్టాలి. ఐపీవీ4లో మనం ఒక్కొక్క అడ్రసును లెక్కపెట్టి వాడుకున్నాం. ఐపీవీ6లో లెక్కపెట్టవలసినది అడ్రసులను కాదు, నెట్‌వర్కులను. ఒక ల్యాన్‌కు (లోపలి నెట్‌వర్కుకు) ఎప్పుడూ /64 ఇవ్వాలి (గీత తరువాతి సంఖ్య అడ్రసులో ముందే ఖాయమైన బిట్లను చెబుతుంది, అది చిన్నదైతే భాగం పెద్దది), అందులో రెండే పరికరాలున్నా సరే. అంతకంటే చిన్న ముక్క ఇస్తే పరికరాలు తమ అడ్రసును తామే తయారుచేసుకునే పద్ధతి, అంటే స్లాక్, పనిచేయదు. ఇంటికి /56 ఇస్తే 256 ల్యాన్లు వస్తాయి, కాలేజీకి /48 ఇస్తే 65,536 వస్తాయి. ఇంటికి ఒక్క /64 చాలదా అని ఆపరేటర్లు అడుగుతారు. చాలదు. కెమెరాలను, అతిథుల వైఫైని విడి నెట్‌వర్కులో పెట్టాలని ఆ ఇంటివారు కోరిన రోజున మళ్లీ మొదటికి రావలసి వస్తుంది.

సొంత లైసెన్సు ఉన్న ఆపరేటరైతే మన దేశపు రిజిస్ట్రీ అయిన ఐఆర్ఐఎన్ఎన్‌లో సభ్యత్వం తీసుకుని /32 పొందవచ్చు. పెద్ద సంస్థ నుంచి బ్యాండ్‌విడ్త్ కొనుక్కునే చిన్న ఆపరేటరు ఆ పైసంస్థ నుంచే ప్రిఫిక్స్ (అడ్రసుల మొదటి భాగం) అడిగి తీసుకోవచ్చు, కాకపోతే పైసంస్థను మార్చిన రోజున అడ్రసులన్నీ మారతాయి. నాలుగైదు ఊళ్లకు విస్తరించే ఉద్దేశం ఉన్నవారు సొంత అడ్రసులే తీసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఒక ఉదాహరణ చూద్దాం. పుస్తకాల్లో ఉదాహరణల కోసమే కేటాయించిన 2001:డీబీ8::/32ను మన ఆపరేటర్‌కు వచ్చిన ప్రిఫిక్స్ అనుకుందాం. ఐపీవీ6 అడ్రసులో ప్రతి అక్షరమూ 4 బిట్లు కాబట్టి, భాగాలను ఎప్పుడూ 4 బిట్ల హద్దుల దగ్గరే కోయాలి. మూడవ గుంపులోని మొదటి అంకెను ఊరికి కేటాయించండి: 0 ఆపరేటర్ సొంత పరికరాలకు, 1 పర్లాకిమిడికి, 2 కాశీనగర్‌కు, 3 గుణుపురానికి, 4 రాయగడకు. అప్పుడు 2001:డీబీ8:3000::/36 అంతా గుణుపురం అవుతుంది, అందులోనే పది లక్షలకు పైగా ఇళ్లకు /56 చొప్పున ఇవ్వవచ్చు. రెండవ అంకెను ఊళ్లోని ఓఎల్‌టీకో పేటకో ఇవ్వండి. ఇక అర్ధరాత్రి ఫిర్యాదు వచ్చి లాగ్‌లో 2001:డీబీ8:3201:1500 అని కనిపిస్తే, పట్టిక తెరవకుండానే అది గుణుపురంలో రెండవ ఓఎల్‌టీ కింది ఇల్లని చెప్పగలరు. ఆ ఇంటికి ఇచ్చిన /56లో చివరి రెండు స్థానాలు ఇంటివారివి: 1500 ఇంటి వైఫై, 1501 అతిథులకు, 1502 కెమెరాలకు. కాలేజీలో అయితే వీల్యాన్ (ఒకే తీగల మీద విడదీసిన నెట్‌వర్కు) సంఖ్యనే నాలుగవ గుంపులో రాసుకుంటే సరిపోతుంది. 20వ వీల్యాన్‌కు 20, 30వ దానికి 30.

ప్రిఫిక్స్ నిలకడగా ఉండడం ఈ ప్రాంతంలో మరీ ముఖ్యం. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో గజపతి జిల్లాను ముంచెత్తిన తిత్లీ వంటి తుపాన్ల మాట అలా ఉంచినా, మామూలు వర్షాకాలంలోనే కరెంటు పోయి వచ్చి రూటర్లు రీబూట్ అవుతూ ఉంటాయి. ప్రతి రీబూట్‌కూ కొత్త ప్రిఫిక్స్ వస్తే ఇంట్లోని పరికరాలు కొంతసేపు చెల్లని పాత అడ్రసునే పట్టుకుని ఉంటాయి, వినియోగదారుకు మాత్రం నెట్ సగం పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. పీపీపీఓఈ (పేరు, పాస్‌వర్డుతో నెట్‌కు కలిసే పద్ధతి) వాడేవారు చందాదారుల వివరాలు ఉంచే రేడియస్ సర్వర్‌లో చందాదారు పేరుకు ఎదురుగా డెలిగేటెడ్ ప్రిఫిక్స్‌ను (ఆ ఇంటికి అప్పగించిన ప్రిఫిక్స్‌ను) శాశ్వతంగా రాసి ఉంచితే ఈ బెడద పోతుంది. ఇలా రాయడం వల్ల మరో ప్రయోజనమూ ఉంది. సీజీన్యాట్‌లో ఏ సమయంలో ఏ పోర్ట్ ఎవరు వాడారో లాగులు దాచవలసి ఉండగా, ఇక్కడ ఏ చందాదారుకు ఏ ప్రిఫిక్స్ ఇచ్చామన్న ఒక్క వివరం చాలు.

రూటర్‌లో చేయవలసినవి

ఐపీవీ4ను తీసివేయకుండా దాని పక్కనే ఐపీవీ6ను నడిపే డ్యూయల్ స్టాక్ పద్ధతితోనే మొదలుపెట్టండి. ఇంటి రూటర్ వ్యాన్ వైపు డీహెచ్‌సీపీవీ6 (సర్వర్ అడ్రసులు పంచే పద్ధతి) ద్వారా ప్రిఫిక్స్ డెలిగేషన్ కోరాలి, వచ్చిన /56 నుంచి ల్యాన్‌కు ఒక /64 ఇచ్చి, రూటర్ అడ్వర్టయిజ్‌మెంట్ల (రూటర్ ల్యాన్‌లోకి పంపే ప్రకటనల) ద్వారా ప్రకటించాలి. ల్యాన్ వైపు కేవలం డీహెచ్‌సీపీవీ6 మీదే ఆధారపడి అడ్రసులు పంచవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ పద్ధతిలో అడ్రసు తీసుకోవు, మన ఊళ్లలో ఇంటింటా ఉన్నవి అవే. డీఎన్ఎస్ (సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే) సర్వర్ అడ్రసును కూడా అదే ప్రకటనలో చేర్చండి.

పీపీపీఓఈ మీద ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 1500 కాకుండా 1492 అవుతుంది. ఐపీవీ6లో దారి మధ్యలోని రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. ప్యాకెట్ పట్టకపోతే “ప్యాకెట్ టూ బిగ్” అనే ఐసీఎంపీవీ6 (నెట్‌వర్కు సమస్యలు తెలిపే) సందేశాన్ని పంపినవారికి తిప్పి పంపుతాయి, పంపినవారే పరిమాణం తగ్గించుకోవాలి. భద్రత పేరుతో ఐసీఎంపీని మొత్తంగా బ్లాక్ చేసే పాత అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది: చిన్న పేజీలు తెరుచుకుంటాయి, ఫోటోలున్న పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇటువంటి ఫిర్యాదు వస్తే ముందుగా ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 నియమాలనే చూడండి.

న్యాట్ (ఒకే బయటి అడ్రసు వెనుక లోపలి పరికరాలను దాచే పద్ధతి) లేకపోతే ఇంట్లోని ప్రతి పరికరమూ బయటివారికి బట్టబయలైనట్టేనన్న భయం చాలామందిలో ఉంది. రక్షణ ఇచ్చేది న్యాట్ కాదు, ఏ సంభాషణ ఎవరు మొదలుపెట్టారో గుర్తుంచుకునే స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్. లోపలి నుంచి మొదలైన సంభాషణల జవాబులను అనుమతించడం, అవసరమైన ఐసీఎంపీవీ6ను అనుమతించడం, బయటి నుంచి కొత్తగా వచ్చే మిగతా వాటన్నిటినీ ఆపడం: ఈ మూడూ వినియోగదారుడి చేతికి రూటర్ ఇవ్వక ముందే అందులో ఉండాలి. ఐపీవీ6ను ఆన్ చేసి ఫైర్‌వాల్‌ను మరచిపోవడం కంటే అసలు ఆన్ చేయకపోవడమే మేలు. కాలేజీ హాస్టళ్లలో ఎవరో తెచ్చిన రూటర్ తానే గేట్‌వేనని ప్రకటించుకోకుండా స్విచ్చులలో ఆర్ఏ గార్డ్ (అటువంటి ప్రకటనలను ఆపే రక్షణ) కూడా పెట్టుకోవాలి.

వెబ్‌సైటు లేదా అడ్మిషన్ల సర్వర్ ఉన్న సంస్థలు డీఎన్ఎస్‌లో క్వాడ్ ఏ రికార్డును (సైటు ఐపీవీ6 అడ్రసును చెప్పే నమోదును) అన్నిటికంటే చివర చేర్చాలి. సర్వర్ ఐపీవీ6 మీద నిజంగా జవాబిస్తోందని తేలకముందే ఆ రికార్డు పెడితే సందర్శకులను మూసిన తలుపు దగ్గరకు పంపినట్టే. డేటాబేస్‌లో ఐపీ అడ్రసు కోసం 15 అక్షరాల గడి పెట్టుకున్న పాత సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని 45కు పెంచండి.

పరీక్షించేటప్పుడు డ్యూయల్ స్టాక్ మీదే చూసి తృప్తిపడవద్దు. బ్రౌజర్లు రెండు దారులనూ ప్రయత్నించి, ఏది ముందు కలిస్తే దాన్నే వాడుకుంటాయి కాబట్టి చెడిపోయిన ఐపీవీ6 చాటునే ఉండిపోతుంది. ఒక ల్యాప్‌టాప్‌లో ఐపీవీ4ను పూర్తిగా ఆపి, బ్యాంకు సైటు, రైలు టికెట్ల సైటు, ఒడిశా, ఆంధ్ర ప్రభుత్వాల సేవా సైట్లు తెరిచి చూడండి. తెరుచుకోని వాటి జాబితా రాసుకుంటే, ఐపీవీ4ను ఇంకెంత కాలం మోయాలో అదే చెబుతుంది.

కొత్త ఉపయోగాలు

ఇంత సిద్ధమైన తరువాత కార్ఖానా కెమెరా సంగతికి వద్దాం. కెమెరాల నెట్‌వర్కుకు విడి /64 ఉంది కాబట్టి, రికార్డర్ ఉన్న ఒక్క అడ్రసుకు, ఒక్క పోర్టుకు మాత్రమే దారి తెరవవచ్చు. యజమాని ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఐపీవీ6 ఎలాగూ ఉంది. అయినా కెమెరా పాస్‌వర్డుల నాణ్యతను నమ్ముకోకుండా, రూటర్ మీద వైర్‌గార్డ్ వీపీఎన్ (గుప్తీకరించిన సొంత దారి) పెట్టి దాని గుండానే లోపలికి రానివ్వడం నా సలహా. సీజీన్యాట్ వెనుక ఇంట్లో వీపీఎన్ సర్వర్ నడపడం దాదాపు అసాధ్యం, ఐపీవీ6తో అది మామూలు పని.

సెన్సార్లకు వస్తే, తక్కువ శక్తితో నడిచే రేడియోల్లో ఒక ఫ్రేము 127 బైట్లే ఉంటుంది, ఐపీవీ6 హెడర్ ఒక్కటే 40 బైట్లు. అందుకే హెడర్‌ను కుదించే 6లోప్యాన్ ప్రమాణాన్ని 2007లో రూపొందించారు. దూరప్రాంత లోరావ్యాన్ రేడియోల కోసం 2020లో షిక్ అనే మరో కుదింపు పద్ధతి ప్రమాణమైంది. గృహ పరికరాల కోసం 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణం ఐపీవీ6 మీదే నిలబడింది.

గుణుపురం, కాశీనగర్‌ల మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగే వంశధార ఒడ్డున నీటిమట్టం కొలిచే పరికరాలను కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా చేపట్టవచ్చు. ఒక్కో సెన్సారుకు కాలేజీ /48లోని విడి /64 నుంచి స్థిరమైన అడ్రసు ఇచ్చి, అది కోయాప్ (చిన్న పరికరాల కోసం రూపొందిన సందేశ పద్ధతి) ద్వారా యూడీపీ 5683 పోర్టు మీద కొలతలు పంపేటట్టు చేయండి. ఆ పోర్టు మీద కొలతలు గుప్తీకరణ లేకుండా వెళతాయి కాబట్టి ఫైర్‌వాల్‌లో సెన్సార్ నుంచి కాలేజీ సర్వర్‌కు మాత్రమే దారి ఉంచి, బయటివారికి సర్వర్‌లోని పేజీ మాత్రమే కనిపించేలా చేయాలి. బ్యాటరీ ఆదా కోసం సెన్సార్ ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది, కాబట్టి సర్వర్ దాన్ని పిలవకుండా అదే మేల్కొని పంపే పద్ధతి పెట్టుకోవాలి. రెండు కొలతల మధ్య వ్యవధి నది మామూలుగా ఉన్నప్పుడు పదిహేను నిమిషాలున్నా సరిపోతుంది, మట్టం పెరుగుతున్నప్పుడు దాన్ని తగ్గించే నియమం సెన్సార్ లోపలే రాసి ఉండాలి.