పట్టికలో మొదటి స్థానం ఖాయమైందా? ప్లేఆఫ్స్‌కి ముందు పడాల్సిన జాగ్రత్తలు

ఇది ఐస్ హాకీ సంగతి. అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌లో, లీగ్ దశ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకు 1985-86 నుంచి ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తున్నారు. 2025 వరకు 39 సార్లు ఇచ్చారు. లీగ్ దశ తర్వాత పైజట్ల మధ్య నాకౌట్ రౌండ్లు, అంటే ప్లేఆఫ్స్, జరుగుతాయి. వాటిలో గెలిచిన జట్టుకిచ్చే స్టాన్లీ కప్‌ను కూడా అదే ఏడాది ఎత్తినవి ఎనిమిదే. ఆటగాళ్ల జీతాల మొత్తానికి అన్ని జట్లకూ ఒకే పరిమితి పెట్టిన 2005-06 తర్వాత చూస్తే రెండే: 2008లో డెట్రాయిట్, 2013లో షికాగో. రెండోది లాకౌట్ (యజమానులు ఆటను ఆపేయడం) వల్ల 48 మ్యాచ్‌లకు కుదించిన సీజన్.

దీన్ని శాపం అంటుంటారు. శాపం కాదు, లెక్క. కప్ కావాలంటే నాలుగు రౌండ్లు దాటాలి, ప్రతి రౌండ్‌లోనూ ఏడింట నాలుగు మ్యాచ్‌లు గెలవాలి. ఒక్కో రౌండ్ గెలిచే అవకాశం 70 శాతం ఉందనుకున్నా, నాలుగూ కలిపితే మిగిలేది 24 శాతం. అంటే గెలవగలదు, కానీ నాలుగేళ్లలో మూడేళ్లు గెలవదు. ఉన్న ఆ 24ను చేజేతులా తగ్గించుకోకుండా చూసుకోవడమే మార్చి, ఏప్రిల్ నెలల పని.

మొదట పట్టికను సరిగ్గా చదవండి. లీగ్ దశలో మ్యాచ్ సమమైతే ముగ్గురితో ముగ్గురు ఐదు నిమిషాలు ఆడతారు, తేలకపోతే గోల్‌కీపర్‌తో ఒక్కొక్కరే తలపడే షూటౌట్. అక్కడ ఓడినా ఒక పాయింట్ వస్తుంది. ప్లేఆఫ్స్‌లో ఇవేవీ లేవు. కాబట్టి మొత్తం పాయింట్లను పక్కనపెట్టి, 60 నిమిషాల్లోనే గెలిచిన మ్యాచ్‌లెన్నో చూడండి. అక్కడ జట్టు రెండు మూడు స్థానాలు కిందికి దిగిందంటే పైస్థానం కొంత అప్పు తెచ్చుకున్నదే.

స్థానం ఖాయమయ్యాక రికార్డుల వెంట పడొద్దు. బోస్టన్ 2022-23లో 65 విజయాలు, 135 పాయింట్లతో రెండు రికార్డులూ బద్దలుకొట్టింది. రెండూ చేతికొచ్చేశాక మాంట్రియల్‌లో ఏమీ తేలాల్సింది లేని చివరి మ్యాచ్ మిగిలింది. అందులో కెప్టెన్ బెర్జెరాన్ ఆడాడు, గాయపడ్డాడు, ఫ్లోరిడాతో మొదటి రౌండ్‌లో తొలి నాలుగు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ముప్పై దాటినవాళ్లను, పాత గాయమున్నవాళ్లను చివరి మూడు నాలుగు మ్యాచ్‌లలో వంతులవారీగా కూర్చోబెట్టాలి. అందరినీ ఒకేసారి కాదు. పది రోజులు గట్టి మ్యాచ్ లేకపోతే వేగం మందగిస్తుంది.

ఎక్కువ జట్లు మునిగేది గోలీ (గోల్‌కీపర్) దగ్గర. ఆ బోస్టన్ జట్టులో ఊల్‌మార్క్, స్వేమన్ సీజనంతా వంతులేసుకున్నారు. ఊల్‌మార్క్ 40 విజయాలు సాధించి ఉత్తమ గోలీ బహుమతి కూడా అందుకున్నాడు. ప్లేఆఫ్స్ రాగానే వంతులు ఆపేసి వరసగా ఆరు మ్యాచ్‌లు అతన్నే దించారు. 3-1 ఆధిక్యం పోయింది, ఆరో మ్యాచ్ 7-5తో చేజారింది, అప్పుడు వారాల తరబడి బెంచ్ మీదున్న స్వేమన్‌ను ఏడో మ్యాచ్‌లో నిలబెట్టారు. చివరి నిమిషంలో మాంటూర్ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో వర్‌హేగీ ముగించాడు. ఫ్లోరిడాకు లీగ్ దశలో వచ్చినవి 92 పాయింట్లే.

దీనికి పూర్తి వ్యతిరేక పొరపాటూ ఉంది. 2024-25లో 116 పాయింట్లతో పైనున్న విన్నిపెగ్, హెలెబక్‌ను 63 మ్యాచ్‌లు ఆడించింది. మొదటి రౌండ్‌లో సెయింట్ లూయిస్‌లో జరిగిన మూడు మ్యాచ్‌లలోనూ అతన్ని మధ్యలోనే బయటికి పిలవాల్సొచ్చింది. ఆ రౌండ్ ఎలాగో గట్టెక్కి, తర్వాతి రౌండ్‌లో డల్లాస్ చేతిలో ఓడారు.

మేము సూచించేది ఇది: మార్చి మొదట్లోనే ప్రధాన గోలీ ఎవరో తేల్చేయండి. అప్పటినుంచి మూడింట రెండు మ్యాచ్‌లు అతనివి, వరస రాత్రులు మాత్రం ఆడించొద్దు. రెండోవాడికి చివరి పది రోజుల్లో కనీసం ఒక పూర్తి మ్యాచ్ ఇవ్వండి. ఎప్పుడు మార్చాలన్నది సిరీస్ మొదలుకాకముందే కాగితం మీద పెట్టుకోండి, ఉదాహరణకు వరసగా రెండు మ్యాచ్‌లలో నాలుగేసి గోల్స్ ఇస్తే. 3-3 మీద కంగారులో తీసుకునే నిర్ణయం కన్నా అది మేలు.

పవర్ ప్లే, అంటే ఎదుటివాడొకడు తప్పుకు శిక్షగా రెండు నిమిషాలు బయట కూర్చున్నప్పుడు వచ్చే అవకాశం, దాని మీద అతిగా ఆధారపడొద్దు. 2009-10లో 121 పాయింట్ల వాషింగ్టన్ పవర్ ప్లే 25.2 శాతం అవకాశాల్లో గోల్ చేసి లీగ్‌లోకెల్లా మేటి. ఎనిమిదో స్థానపు మాంట్రియల్‌తో అదే పవర్ ప్లే 33 అవకాశాల్లో ఒక్క గోల్ చేసింది. 3-1 ఆధిక్యంలోంచి ఓడిపోయారు, ఆరో మ్యాచ్‌లో హలాక్ 53 షాట్లు ఆపాడు. లీగ్ దశలో ఎదుటివాడు రోజుకొకడు. ఇక్కడ ఒకే జట్టు రెండు వారాలు మీ వీడియోలే తిరగేస్తుంది, మీకు ఇష్టమైన దారిలో ఒకణ్ని అడ్డం నిలబెడుతుంది. అందుకే పక్‌ను (ఆడే రబ్బరు బిళ్లను) ప్రత్యర్థి జోన్‌లోకి తెచ్చే పద్ధతులు రెండుండాలి, గోలీ కళ్లకు అడ్డంగా నిలబడేవాడొకడు ఉండాలి. ఇవి మార్చిలోనే మ్యాచ్‌లలో ఆడి చూడాలి, రెండు నిమిషాల్లో కనీసం 45 సెకన్లు రెండో యూనిట్‌కు (పవర్ ప్లే ఆడే రెండో బృందానికి) ఇవ్వాలి.

వెనకబడినప్పుడు చేతులు అదుపులో ఉండాలి. 2018-19లో 62 విజయాలు, 128 పాయింట్లు తెచ్చుకున్న టాంపా బేను కొలంబస్ 4-0తో ఊడ్చేసింది. మొదటి మ్యాచ్‌లో 3-0 ఆధిక్యం జారవిడిచిన జట్టది. రెండోది ఓడిపోతుండగా కూచెరోవ్ ప్రత్యర్థిని రింక్ చుట్టూ ఉండే బోర్డులకేసి కొట్టాడు, మూడో మ్యాచ్‌కు నిషేధం పడింది. ఆ సీజన్‌లో ఆటగాళ్లందరిలోనూ ఎక్కువ పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) అతనివే. మరుసటి సీజన్ ఫిబ్రవరిలో టాంపా కోల్‌మన్, గుడ్రో అనే ఇద్దరు కష్టజీవుల్ని తెచ్చుకుంది. 2020, 2021 కప్పులు రెండూ గెలిచింది, ఆ రెండేళ్లూ పట్టికలో మొదటి స్థానం వాళ్లది కాదు.

ఇక ఓవర్‌టైమ్. ఐదుగురితో ఐదుగురు, 20 నిమిషాల చొప్పున గోల్ పడేదాకా. ప్రతి పీరియడ్‌కీ (20 నిమిషాల భాగానికీ) వైపులు మారతాయి కనుక రెండో పీరియడ్‌లోనూ, మొదటి, మూడో, ఐదో ఓవర్‌టైమ్‌లలోనూ మీ బెంచ్ మీ గోల్‌కు దూరంగా పడుతుంది. డిఫెన్స్‌లో చిక్కుకున్నవాడు ఆట మధ్యలో బెంచ్‌కు చేరి మరొకరికి చోటివ్వలేడు. అందుకే ఆ పీరియడ్లలో షిఫ్ట్ (ఒకడు ఒక విడతలో మంచు మీద ఉండే సమయం) 35 సెకన్లు దాటనివ్వొద్దు, పక్‌ను లోపలికి లోతుగా కొట్టాకే మారండి. 2020లో టాంపా, కొలంబస్ మధ్య మొదటి మ్యాచ్ ఐదో ఓవర్‌టైమ్‌లో తేలింది. కొలంబస్ డిఫెన్స్‌మన్ సెత్ జోన్స్ 65 నిమిషాలకు పైగా మంచు మీదున్నాడు, గోలీ కోర్పిసాలో 85 షాట్లు ఆపాడు. అలాంటి రాత్రికి ప్రతి ఒక్కరికీ రెండో జత పొడి గ్లవ్స్, సానపట్టిన అదనపు స్కేట్ బ్లేడ్లు, ఉప్పు కలిపిన పానీయం, అరటిపండ్లు డ్రెస్సింగ్ రూమ్‌లో మ్యాచ్‌కు ముందే సిద్ధంగా ఉండాలి. మూడో పీరియడ్ అయ్యాక వెతుక్కుంటే విరామం 15 నిమిషాలూ దానికే పోతుంది.