కంపోస్ట్ అయ్యే వాటర్ బాటిల్ కొనాలనుకుంటున్నారా? ఎలా చూసుకోవాలి, ఎలా వాడాలి, తాగేశాక ఎక్కడ వేయాలి

మొక్కల నుంచి చేసింది, కంపోస్ట్ అయిపోతుంది అని రాసున్న వాటర్ బాటిల్స్ ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి, చాలామంది మంచి ఉద్దేశంతోనే కొంటున్నారు కూడా. అయితే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే, తాగేశాక ఆ ఖాళీ బాటిల్ ఎక్కడికి పోతుందో ముందు తేల్చుకోండి, తర్వాతే కొనండి. ఎందుకంటే బాటిల్ కంపోస్ట్ అవ్వాలంటే వేడి, తేమ, గాలి, సూక్ష్మజీవులు, కావాల్సినంత టైమ్ ఇవన్నీ ఒకేచోట దొరకాలి, దొరకని చోట పడేస్తే అది కూడా మామూలు ప్లాస్టిక్ లాగే ఏళ్ల తరబడి అలాగే పడుంటుంది. అందుకే ఇక్కడ చివరి పని నుంచే మొదలుపెడుతున్నా.

ముందు మీ చెత్త ఎక్కడికి పోతుందో కనుక్కోండి

మీ దగ్గర తడి చెత్త ఎవరు తీసుకెళ్తారో వాళ్లని అడగండి, అది పెద్ద కంపోస్ట్ ప్లాంట్‌కి వెళ్తుందా లేక డంపింగ్ యార్డుకి వెళ్తుందా అని. ప్లాంట్‌కే అంటే వెంటనే ఇంకో ప్రశ్న అడగాలి, కంపోస్టబుల్ ప్లాస్టిక్ తీసుకుంటారా లేదా అని. ఇది చాలామంది అడగరు. కానీ ఎన్నో కంపోస్ట్ ప్లాంట్లు వీటిని తీసుకోవు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి: గుట్టలో చూస్తే ఏది కంపోస్టబుల్ బాటిలో ఏది మామూలు బాటిలో తెలీదు కాబట్టి రెండూ కలిపి ఏరి పారేస్తారు, పైగా ఈ బాటిల్ కుళ్లినా ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగానే మారుతుంది తప్ప ఎరువుకి బలం ఇచ్చేది అందులో పెద్దగా ఏమీ లేదు, కూరగాయల తొక్కలకి ఉన్న విలువ దానికి లేదు. మూడో ప్రశ్న, గుట్టని ఎన్ని వారాలు ఉంచుతారు అని. ఆరేడు వారాల్లో ఎరువు తీసేసే ప్లాంట్ అయితే మందంగా ఉండే బాటిల్ అడుగు, మూతి భాగం పూర్తిగా కుళ్లకముందే జల్లెడలో బయటపడి చెత్తలోకి పోతాయి.

ఈ మూడింటికీ సరైన జవాబు రాకపోతే నా సలహా సూటిగా ఇదే, ఆ బాటిల్ కొనకండి. ఇంట్లో నింపుకుని తీసుకెళ్లే స్టీల్ బాటిల్ వాడండి, కొనక తప్పని చోట మీ దగ్గర నిజంగా రీసైకిల్ అయ్యే ప్యాకింగ్ ఏదో అది తీసుకోండి. డంపింగ్ యార్డులో గాలి ఆడని చోట కూరుకుపోయిన కంపోస్టబుల్ బాటిల్ వల్ల ఒరిగేదేమీ లేదు, కొన్ని రకాలు అక్కడ కుదురుగా ఉండిపోతాయి, కుళ్లే రకాలైతే గాలి లేకుండా కుళ్లి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతాయి, అది ఇంకా నష్టం.

అసలు ఆ బాటిల్ దేంతో చేశారో చూడండి

మొక్కల నుంచి వచ్చిందంటే కంపోస్ట్ అవుతుందనే అనుకుంటాం. ఈ రెండూ వేరు వేరు విషయాలు, ఇక్కడే ఎక్కువ మంది పొరపడతారు. ఉదాహరణకి కోకాకోలా 2009లో తెచ్చిన ప్లాంట్‌బాటిల్ తీసుకోండి, అందులో 30 శాతం వరకు చెరకు లాంటి మొక్కల నుంచి వచ్చిన పదార్థం ఉంటుంది, కానీ తయారయ్యాక అది అచ్చంగా పెట్ ప్లాస్టికే, అంటే మామూలు వాటర్ బాటిల్స్ చేసే ప్లాస్టికే, మామూలు పెట్‌తో పాటే రీసైక్లింగ్‌కి పోవాలి, కంపోస్ట్‌లో వేస్తే ఏమీ అవ్వదు. చెరకు నుంచి చేసే పాలిథిన్ కూడా అంతే. అట్టపెట్టెల్లో వచ్చే నీళ్లు ఉంటాయి కదా, చూడ్డానికి కాగితమే, కానీ లోపల పాలిథిన్ పొర, చాలావాటిలో అల్యూమినియం రేకు కూడా ఉంటుంది, తీసుకునే చోటు ఉంటే రీసైకిల్ చేయొచ్చు, కంపోస్ట్‌కి మాత్రం పనికిరాదు. గుజ్జు కాగితంతో అచ్చు పోసిన బాటిల్ అయినా లోపల పూత దేంతో వేశారో తెలుసుకోకుండా నమ్మకండి.

కంపోస్ట్ అయ్యే బాటిల్స్‌లో ఎక్కువగా దొరికేది పీఎల్ఏ. మొక్కజొన్న, చెరకు, కర్రపెండలం లాంటి వాటిలోని పిండినో చక్కెరనో పులియబెట్టి లాక్టిక్ యాసిడ్ చేసి దాన్ని గొలుసులాగా కలిపితే వచ్చే ప్లాస్టిక్ ఇది. గాజులాగా తళతళలాడుతుంది, పెట్ పక్కన పెడితే కళ్లతో తేడా చెప్పలేం. దీనికి వేడి కావాలి, పెద్ద ప్లాంట్‌లో ఉండే 58 డిగ్రీల దగ్గర తేమలో ముందు ఆ గొలుసులు తెగుతాయి, ఆ తర్వాతే సూక్ష్మజీవులు తినగలుగుతాయి. సముద్రంలోనో కాలవలోనో పడితే ఆ వేడి ఎక్కడిది, అక్కడ ఏళ్లకేళ్లు అలాగే ఉంటుంది. ఇంకోటి పీహెచ్ఏ, ఇది బ్యాక్టీరియా తమ ఒంట్లో తిండి నిల్వలాగా దాచుకునే పదార్థం, 1926లోనే ఫ్రాన్స్‌లో మోరిస్ లెమోయిన్ అనే శాస్త్రవేత్త ఈ కుటుంబంలో ఒక రకాన్ని వివరించారు. ఇది మామూలు వేడిలో, మట్టిలో, సముద్రపు నీళ్లలో కూడా కుళ్లగలదు కాబట్టి నాకు దీని మీద ఎక్కువ ఆశ ఉంది, కానీ చేయడం కష్టం, ఖర్చు ఎక్కువ, అందుకే తక్కువగా దొరుకుతుంది. అలాగని దీన్ని రోడ్డు మీద పడేయొచ్చని కాదు, మందాన్ని బట్టి, చల్లదనాన్ని బట్టి దీనికీ చాలాకాలం పట్టొచ్చు.

బాటిలే లేకుండా నాచుతో చేసిన చిన్న సంచుల్లో నీళ్లు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, నాట్‌ప్లా అనే కంపెనీ ఊహో అనే పేరుతో చేస్తుంది. 2019 లండన్ మారథాన్‌లో 30 వేలకు పైగా ఇలాంటి సంచుల్లో స్పోర్ట్స్ డ్రింక్ పోసి పరిగెత్తేవాళ్లకి ఇచ్చారు, సంచితో సహా నోట్లో వేసుకోవచ్చు, వద్దనుకుంటే ఉమ్మేయొచ్చు. రేసుల్లాంటి చోట, చేతికిచ్చిన వెంటనే తాగేసే చోట ఇది చాలా మంచి ఆలోచన, బ్యాగులో వేసుకుని తిరగడానికి మాత్రం కుదరదు.

లేబుల్ ఎలా చదవాలి

ఆకు బొమ్మ, పచ్చ రంగు, ఎకో, నేచురల్ ఇలాంటివి ఏమీ చెప్పవు, వదిలేయండి. వెతకాల్సింది పరీక్ష నంబరు. యూరప్‌ది ఈఎన్ 13432, అమెరికాది ఏఎస్‌టీఎం డీ6400, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17088. వీటి లెక్క దాదాపు ఒకేలా ఉంటుంది, 12 వారాల్లో ముక్కలై 2 మిల్లీమీటర్ల జల్లెడ పైన 10 శాతం కన్నా ఎక్కువ మిగలకూడదు, 6 నెలల్లో 90 శాతం కుళ్లిపోవాలి, మిగిలిన ఎరువు మొక్కలకి హాని చేయకూడదు, ఇదంతా పెద్ద ప్లాంట్ వేడిలో. ఇంటి కంపోస్ట్‌కి పనికొస్తుందా అన్నది వేరే పరీక్ష, సర్టిఫికెట్లు ఇచ్చే టీయూవీ ఆస్ట్రియా అనే సంస్థ వాళ్ల ఓకే కంపోస్ట్ హోమ్ గుర్తు ఉంటే 20 నుంచి 30 డిగ్రీల దగ్గర ఏడాదిలో కుళ్లాలి అని అర్థం, ఆస్ట్రేలియాకి ఏఎస్ 5810 అని ఉంది. హోమ్ అన్న ముక్క లేకుండా కేవలం కంపోస్టబుల్ అని ఉంటే అది ప్లాంట్‌కే అనుకోండి. యూరప్‌లో మొలక బొమ్మ ఉన్న సీడ్లింగ్ గుర్తు, ఉత్తర అమెరికాలో బీపీఐ గుర్తు కనిపిస్తాయి, గుర్తు కింద సర్టిఫికెట్ నంబర్ ఉంటే అది ఇచ్చిన సంస్థ సైట్‌లో కొట్టి చూడండి, సర్టిఫికెట్ దేనికి ఇచ్చారో, ఎంత మందం వరకు ఇచ్చారో కూడా అక్కడ తెలుస్తుంది. పల్చటి కవర్‌కి వచ్చిన సర్టిఫికెట్ మందపాటి బాటిల్‌కి వర్తించదు.

బయోడిగ్రేడబుల్ అని మాత్రమే రాసి, ఎంతకాలంలో, ఏ పరిస్థితుల్లో అని లేకపోతే పక్కన పెట్టేయండి. 2011లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ సరిగ్గా ఇలాంటి మాటతో అమ్ముతున్న వాటర్ బాటిల్స్ మీదే కోర్టుకి వెళ్లారు. అలాగే ఆక్సో అని మొదలయ్యే మాట కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు, అది మామూలు ప్లాస్టిక్‌లో మందు కలిపి పొడిపొడి అయ్యేలా చేసింది, కుళ్లదు, చిన్న ముక్కలై మట్టిలో చేరుతుంది, యూరోపియన్ యూనియన్ దాన్ని 2021 నుంచి నిషేధించింది కూడా.

ఇంకో చిన్న విషయం, బాటిల్ మొత్తం చూడండి. బాటిల్ కంపోస్టబుల్ అయి మూత మామూలు ప్లాస్టిక్ అవ్వడం, చుట్టూ ఉన్న లేబుల్ మామూలు ఫిల్మ్ అవ్వడం ఉంటాయి. మూత గురించి విడిగా ఏమీ రాయకపోతే కంపెనీకి రాసి అడగండి.

ఇంటికి తెచ్చాక ఎలా వాడాలి

పీఎల్ఏ బాటిల్‌కి వేడి పడదు. సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డ్ దగ్గర అంత వేడి రావడం మామూలే, వంకర తిరిగి మూత దగ్గర కారుతుంది కూడా. కాబట్టి కారులో, గోడౌన్ రేకుల కింద, పొయ్యి పక్కన పెట్టకండి. వేడి నీళ్లు అస్సలు పోయొద్దు.

ఏళ్ల తరబడి నిల్వ పెట్టుకోవడానికి కూడా ఇది పనికిరాదు. పీఎల్ఏ గోడల్లోంచి నీటి ఆవిరి పెట్ కన్నా ఎక్కువగా బయటికి పోతుంది, నెలలు గడిచేకొద్దీ నీళ్లు కాస్త తగ్గి బాటిల్ పక్కలు లోపలికి నొక్కుకుంటాయి, మూత తీయకుండానే ఇలా ఎందుకైందని కంగారు పడక్కర్లేదు, కారణం ఇదే. అందుకే డేట్ చూసి తాజాగా ఉన్నవి, అవసరమైనన్నే కొనండి. గ్యాస్ ఉన్న నీళ్లకి ఇది ఇంకా సరిపోదు, గ్యాస్ నిలవదు.

ఖాళీ అయ్యాక

ముఖ్యమైనది ఇదే, పెట్ బాటిల్స్ వేసే రీసైక్లింగ్ డబ్బాలో దీన్ని వేయకండి. రీసైక్లింగ్‌లో మూతల్ని, బాటిల్స్‌ని ముక్కలు చేసి నీళ్లలో వేసి తేలేవి మునిగేవి అని వేరు చేస్తారు, పాలిథిన్, పాలీప్రొపిలీన్ మూతలు తేలుతాయి, పెట్ మునుగుతుంది, పీఎల్ఏ కూడా మునుగుతుంది కాబట్టి పెట్‌తోనే పోతుంది. తర్వాత పెట్ ముక్కల్ని కరిగించే ముందు 160 డిగ్రీల పైన వేడిలో ఆరబెడతారు, ఆ వేడికి పీఎల్ఏ కరగడం మొదలై ముక్కలన్నీ ముద్దగా అంటుకుంటాయి, తయారైన ప్లాస్టిక్ మసకగా, పసుపుగా వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలున్న ప్లాంట్లు దీన్ని గుర్తుపట్టి తీసేయగలవు, కానీ అన్ని చోట్లా అవి ఉండవు. అడుగున త్రికోణంలో 1 ఉంటే పెట్, పీఎల్ఏకి సాధారణంగా 7 ఉంటుంది, కానీ 7 అంటే ఇతరాలు అని మాత్రమే, కంపోస్ట్ అవుతుందని కాదు.

కాబట్టి మిగిలిన నీళ్లు ఒంపేయండి, మూత, లేబుల్ వేరే రకమైతే తీసేసి వాటి డబ్బాలో వేయండి, బాటిల్‌ని ప్లాంట్ తీసుకుంటానన్న తడి చెత్తలో వేయండి. నలిపి వేస్తే చోటు కలిసొస్తుంది.

ఇంటి కంపోస్ట్‌లో వేయాలనుకునేవాళ్లు హోమ్ గుర్తు ఉన్నవే వేయండి, అది ఉన్నా ఆశ కొంచెం తక్కువగానే పెట్టుకోండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు జనాల చేత ఇళ్లలోనే చేయించి 2022లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంటి కంపోస్ట్‌కి పనికొస్తాయని సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్‌లలో 60 శాతం పూర్తిగా కుళ్లలేదు. బాటిల్‌ని కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేయండి, మూతి, అడుగు మందంగా ఉంటాయి కాబట్టి వాటిని ఇంకా చిన్నగా కోయండి, గుట్ట మధ్యలో వేడి ఎక్కువుండే చోట వేసి తడి ఆరకుండా చూస్తూ, గాలి తగిలేలా అప్పుడప్పుడు తిప్పండి. ఎరువు తీసేటప్పుడు జల్లెడ పట్టి మిగిలిన ముక్కలు మళ్లీ కొత్త గుట్టలో వేయండి, రెండోసారి కూడా అలాగే గట్టిగా ఉంటే ఏరేసి మామూలు చెత్తలో వేయండి, మట్టిలో మాత్రం వదలొద్దు.

ఫంక్షన్‌కో పరుగు పందేనికో పెద్ద ఎత్తున కొంటుంటే

నిజానికి ఈ బాటిల్స్ బాగా పనిచేసేది ఇలాంటి చోటే, ఎందుకంటే గేటు లోపల ఏం పంచాలో, బయటికి ఏం పోవాలో మీ చేతుల్లోనే ఉంటుంది. కొనే ముందే శాంపిల్ బాటిల్, సర్టిఫికెట్ కాపీ తీసుకెళ్లి ప్లాంట్ వాళ్లకి చూపించి తీసుకుంటామని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. లోపల అదొక్క రకం బాటిలే పంచండి, పెట్ బాటిల్స్ కూడా కలిపితే ఎవరూ వేరు చేయలేరు. డబ్బాల మీద మాటలకన్నా ఆ బాటిల్‌నే అతికిస్తే జనానికి తొందరగా అర్థమవుతుంది, ప్రతి డబ్బా దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, మూత తీసి ఇటు వేయండి అని చెప్పేవాళ్లు ఉంటేనే ఆ డబ్బాలో వేరే చెత్త పడకుండా ఉంటుంది. వేరే చెత్త ఎక్కువగా కలిస్తే ప్లాంట్ లారీ మొత్తాన్ని తిప్పి పంపేయగలదు, కాబట్టి లోడ్ ఎక్కించే ముందు సంచులు విప్పి ఒకసారి చూసుకోండి.