పాత మోరిస్, హెరాల్డ్, అంబాసిడర్లలో కరెంటు తిప్పలు: ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి

లైట్లు మిణుకుమంటే కొత్త బల్బులు, సెల్ఫ్ మూలిగితే కొత్త బ్యాటరీ. మనవైపు ఎక్కువగా జరిగేది ఇదే. డబ్బులు పోతాయి, రోగం అట్లనే ఉంటుంది. మోరిస్ మైనర్ అయినా, స్టాండర్డ్ హెరాల్డ్ అయినా, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చులో వచ్చిన తొలి అంబాసిడర్ అయినా అందరూ తిట్టేది లూకాస్ కంపెనీ కరెంటు సామానునే. తప్పు మాత్రం చాలాసార్లు జాయింట్లలో, ఎర్త్‌లో, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగిపోయే దారిలో, దొరుకుతుంది. ఇత్తడి బుల్లెట్ జాయింట్ల మీద పచ్చగా పట్టిన చిలుము, బాడీకి బిగించిన లగ్గు (వైరు కొసన ఉండే ఉంగరం) కింద తుప్పు. వానకాలం షెడ్డులో నాలుగు నెలలు నిలబెట్టిన బండి అయితే ఇక చెప్పక్కర్లేదు, ఎలుకలు కూడా తోడవుతాయి.

బ్యాటరీ మీద చెయ్యి వేసేముందు బాడీకి ఏ కొస పోయిందో చూడండి. 1960ల నడుమ దాకా వచ్చిన చాలా బ్రిటిష్ బండ్లలో ప్లస్సే ఎర్త్. మధ్యలో ఎవరైనా తిప్పేసి ఉండొచ్చు కాబట్టి బండి వయసును నమ్మకండి, కళ్లతో చూడండి. ప్లస్ ఎర్త్ బండికి మామూలు స్టీరియోనో ఫోన్ చార్జరో తగిలిస్తే అది కాలిపోతుంది. విప్పేటప్పుడు ఎర్త్ కేబుల్ మొదట, బిగించేటప్పుడు చివర.

కావలసినవి కొన్నే: మల్టీమీటరు, 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంపు, విడిగా ఒక 21 వాట్ల బల్బు, ఎమ్రీ పేపరు, వాజిలిన్.

రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. ఎండకాలం మన దగ్గర నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోశాకే కొలవండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజను అంటుకోకుండా కాయిల్‌కు (స్పార్కుకు కావలసిన వోల్టేజీ పుట్టించేది) వచ్చే తెల్ల వైరు తీసేయండి. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక కొస బ్యాటరీ ఎర్త్ పోస్టుకే ఆనించండి, దాని క్లాంపుకు కాదు. రెండో కొస ఇంజను బ్లాకు మీద, గీకి మెరిసేలా చేసిన చోట. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు లోపు ఉంటే సరే. ఒకటో రెండో వోల్టులు చూపితే ఆ మేరకు కరెంటు దారిలోనే చస్తోందన్నమాట. ఇంజను కూర్చున్నది రబ్బరు మౌంటింగుల మీద. దానికి, బాడీకి మధ్య ఉండే అల్లిక పట్టీ తెగినా తుప్పు పట్టినా సెల్ఫ్ కరెంటు చోక్ వైరులోంచి, యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ వైరు చేతికి వేడిగా తగిలితే పట్టీనే అనుమానించండి. లగ్గునూ అది కూర్చునే చోటునూ వెండిలా మెరిసేదాకా గీకి, స్టార్ వాషరు వేసి బిగించాలి. వాజిలిన్ పైపైన మాత్రమే, లగ్గు కింద కాదు.

ఇదే లెక్క వెనక లైట్లకూ. బ్రేకు తొక్కగానే అదే పక్క టెయిల్ లైటు మసకబారి, ఇండికేటరు సన్నగా వెలిగిందంటే బల్బుల తప్పు కాదు. ఆ ల్యాంపుకు ఎర్త్ లేక కరెంటు పక్క బల్బులోంచి వెనక్కి పోతోంది. హెరాల్డ్‌లో ఇంకో చోటు కూడా చూడాలి. బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది, హెడ్‌లైట్లు దానితోనే లేస్తాయి. కాబట్టి కీలు దగ్గర వైరు మడత పడీ పడీ పైతొడుగు బాగానే కనిపిస్తూ లోపల తెగుతుంది.

రంగులు తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది: గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు కీ తిప్పాక, ఆకుపచ్చ కీ తర్వాత ఫ్యూజు దాటి, నలుపు ఎర్త్. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఇంకోటి వేసి కాల్చకండి. దాని చోట ఆ 21 వాట్ల బల్బు తగిలించండి. బల్బు నిండుగా వెలుగుతుంటే షార్టు ఉంది. ఒక్కో వైరూ ఊడదీస్తూ పోండి, బల్బు ఎక్కడ ఆరిందో తప్పు అక్కడుంది. ఫ్యూజుకు సిగరెట్ కాగితం వెండిరేకు చుట్టే పని మాత్రం వద్దు, వైరింగు మొత్తం కాలుతుంది.

చార్జింగ్ ఎర్ర లైటు ఆరకపోతే ముందు బెల్టు చూడండి. అది బిగువుగానే ఉంటే, బ్యాటరీని చార్జ్ చేసే డైనమో మీది డి, ఎఫ్ వైర్లు రెండూ తీసి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలపండి. వాటికీ డైనమో బాడీకీ మధ్య మీటరు పెట్టి, ఇంజను వేగం మెల్లగా 1000 ఆర్‌పీఎం దాకా పెంచండి. వోల్టేజీ గబగబా 20 దాకా ఎక్కితే డైనమో బాగుంది, ఇంకా వేగం పెంచకండి. అసలు ఏమీ రాకపోతే బ్రష్షులు తీసి చూడాలి. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ వైండింగుది తప్పు కావొచ్చు. డైనమో మంచిదే అయితే కటౌట్ పెట్టె (డైనమోను బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్చు ఉన్న పెట్టె) మిగిలింది. ఇంజను ఆపాక కూడా కటౌట్ పాయింట్లు అతుక్కునే ఉంటే బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అవుతుంది, డైనమో కాలిపోతుంది. వాసన వస్తే వెంటనే ఎర్త్ కేబుల్ లాగేయండి. పాయింట్లను మెత్తటి గ్లాస్ పేపరుతో రుద్ది స్పిరిట్‌తో తుడవండి. సర్దే స్క్రూలను తిప్పకండి.

డెల్కో, అంటే స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్, పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ప్లస్, మైనస్ గుర్తులున్న కాయిల్ వేస్తే ప్లస్ ఎర్త్ బండిలో ప్లస్ కొస డెల్కో వైపు పోవాలి. తిరగేసినా ఇంజను నడుస్తుంది, స్పార్కు మాత్రం బలహీనంగా ఉంటుంది.

చివరగా హెడ్‌లైట్లు. 60 వాట్ల బల్బులు రెండంటే 10 ఆంపియర్లు. ఆ బరువంతా పాత డ్యాష్‌బోర్డు స్విచ్చు మీద పడుతుంది. డిప్పుకు ఒకటి, బ్రైటుకు ఒకటి, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టి, 30వ నంబరు టెర్మినల్‌కు బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటిన లావు వైరు, 87 నుంచి బల్బులకు, పాత హెడ్‌లైటు వైరు 86కు, 85 ఎర్త్‌కు ఇవ్వండి. ప్లస్ ఎర్త్ బండికైతే లోపల డయోడ్ లేని రిలే కావాలని కొట్లో అడిగి తీసుకోండి.