పిల్లలు తడుముకోకుండా: మన అంత్యక్రియల కాగితం మనమే రాసి పెట్టుకోవడం

అంత్యక్రియలు ఎలా జరగాలో వీలునామాలో రాయకండి. వీలునామా బీరువాలోంచి బయటికొచ్చేది పెద్దకర్మ భోజనాలయ్యాక. అప్పటికి దహనమై పది రోజులు దాటుతుంది. "నా కళ్లు దానం చెయ్యండి" అన్న మాట అందులో ఉంటే చదివి బాధపడటం తప్ప ఎవరూ చేసేదేమీ లేదు. బ్యాంకు లాకరులో పెట్టినా అంతే. ఆస్తి సంగతి వీలునామాలో ఉండనివ్వండి, దానికి ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ మీ ఇష్టం. అంత్యక్రియల సంగతి విడిగా ఒకే కాగితం మీద, రెండు వైపులా సరిపోయేలా రాయండి. రోజూ మందులు తీసుకునే డబ్బాలో ఒక ప్రతి ఉంచి, ఫొటో తీసి ఇద్దరికి పంపండి. ఆ ఇద్దరిలో ఒకరు ఊళ్లో ఉండేవాళ్లయి ఉండాలి.

ఇంకొకటి. ఈ కాగితానికి చట్టబలం పెద్దగా ఉండదు, నిర్ణయం చివరికి ఇంట్లోవాళ్లదే. ఆ రోజు ఇంట్లోవాళ్ల నోరు పెగలదు. మాట నడిచేది మేనమామదో పెద్దబావగారిదో. మీ వాళ్లలో ఎవరి గొంతు గట్టిదో మీకు తెలుసు. వాళ్లను కూర్చోబెట్టి, కాగితం చదివి వినిపించి, కింద సంతకం పెట్టించుకోండి. "మా బావ నా చేత సంతకం పెట్టించాడు" అని ఆయనే నలుగురిలో చెబితే ఇక ఎదురు మాట ఉండదు.

మొదటి ఆరు గంటలు

కాగితంలో పై సగం దీనికే. ఇంట్లో సహజంగా పోతే మొదటి ఫోను డాక్టరుకి. చివరి జబ్బులో చూసిన డాక్టరు మరణ కారణం రాసిచ్చేది 4ఏ ఫారం. ఆస్పత్రిలో పోతే 4వ నంబరు ఫారం, అది వాళ్లే చూసుకుంటారు. చిక్కంతా ఇంటి మరణాల్లోనే. ఎప్పుడూ చూడని డాక్టరు రాసివ్వడానికి వెనకాడతాడు, అందులో ఆయన తప్పు లేదు. అందుకని "ఇంటికొచ్చి చూసి రాసిస్తారా" అని మీ డాక్టరును ఇప్పుడే అడిగి, ఆయన పేరు, నంబరు రాసుకోండి. ప్రమాదం, పాముకాటు, ఆత్మహత్య లాంటివైతే పోలీసులకు చెప్పాల్సిందే. పంచనామా, పోస్టుమార్టం అయ్యేదాకా మిగతా ఏర్పాట్లన్నీ ఆగుతాయి.

నేత్రదానం చెయ్యాలనుకుంటే ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. ఐ బ్యాంకు టీమ్ వచ్చేలోగా ఇంట్లోవాళ్లు చెయ్యాల్సింది మూడే. కళ్లు మూసి రెప్పల మీద తడి దూది పెట్టడం, తల కింద దిండు వేసి కాస్త ఎత్తు చెయ్యడం, ఫ్యాను ఆపడం. ఫ్యాను గాలికి నల్లగుడ్డు మీది పొర ఎండిపోతే ఇక పనికిరాదు. ఆ హడావుడిలో గది ఉక్కగా ఉందని ఎవరో ఒకరు ఫ్యాను వేస్తారు, కాబట్టి "ఫ్యాను వెయ్యొద్దు" అని పెద్దక్షరాల్లో రాయండి. ఏసీ ఉంటే వేసుకోవచ్చు. షుగరు, కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్ అడ్డం కావు. పని అరగంటలోపు అయిపోతుంది, ముఖం వికారంగా మారదు.

ఉంగరాలు, గాజులు, ముక్కుపుడక వెంటనే తియ్యాలి. వేళ్లు ఉబ్బితే కత్తిరించాల్సి వస్తుంది. రెండు మూడు గంటల్లో ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ఈలోగా దవడ కింద నుంచి గుడ్డ కట్టడం, కాళ్లు చేతులు సాపు చెయ్యడం, బొటనవేళ్లు కలిపి కట్టడం అయిపోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఎర్ర సిరాతో రాయండి. దహనంలో దాని బ్యాటరీ పేలుతుంది, గ్యాసు పొయ్యి దెబ్బతింటుంది. డాక్టరు చిన్న గాటు పెట్టి తీసేస్తే సరిపోతుంది.

దేహదానం కావాలంటే విజయవాడలో సిద్ధార్థ ప్రభుత్వ వైద్య కళాశాల, గుంటూరులో గుంటూరు వైద్య కళాశాల అనాటమీ విభాగాల్లో బతికుండగానే అడిగి ఫారం నింపాలి. మీ సంతకం ఒక్కటే చాలదు, పోయాక వారసులు ఒప్పుకోవాలి. విదేశంలో ఉన్న ఒక్క కొడుకు ఫోనులో ఏడ్చి వద్దంటే ఆగిపోతుంది. పోస్టుమార్టం జరిగినా, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి అంటురోగమున్నా, ఆలస్యమై దేహం పాడైనా తీసుకోరు. అందుకే "తీసుకోకపోతే దహనం చెయ్యండి" అన్న రెండో మాట తప్పకుండా ఉండాలి. కిడ్నీలు, కాలేయం వంటి అవయవాల దానం ఇంట్లో పోయినవాళ్లకు కుదరదు. ఐసీయూలో బ్రెయిన్ డెడ్ అని తేలినవాళ్లకే, అదీ రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా.

దేహం ఎక్కడ ఉంచుతారు

మన ఊళ్లలో గొడవ వచ్చేది ఇక్కడే. అద్దె ఇల్లయితే ఆస్పత్రి నుంచి దేహాన్ని తేవడానికి ఓనరు ఒప్పుకుంటాడా? చాలామంది ఒప్పుకోరు, ఆ మాట ఆ రోజే చెబుతారు. వాహనం వీధి మలుపులో ఆగి ఉంటుంది, లోపల బతిమాలుకోవడం నడుస్తుంటుంది. ముందే అడగండి. కాదంటే సొంతూరో, తమ్ముడి ఇల్లో ఖాయం చేసి కాగితంలో చిరునామా రాయండి. అపార్ట్‌మెంటయితే లిఫ్టులో పడుకోబెట్టి తీసుకెళ్లడం కుదరదు, మెట్ల మలుపు దగ్గర స్ట్రెచర్ తిరుగుతుందో లేదో టేపుతో కొలుచుకోండి. తిరగకపోతే కింద పార్కింగులో ఉంచేందుకు అసోసియేషన్‌తో మాట్లాడుకోండి.

నక్షత్రం సంగతి కూడా తేల్చండి. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలనే పట్టింపు మన దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. ఒంటరిగా మిగిలిన భార్యను ఆ వయసులో సామాన్లతో ఇల్లు మార్పించడం కన్నా క్రూరమైనది ఇంకోటి లేదు. నమ్మకం ఉంటే పురోహితుడితో మాట్లాడి శాంతి చేయించమని రాయండి. లేకపోతే "ఇల్లు ఖాళీ చెయ్యొద్దు, ఇది నా మాట" అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఆమెకు చాలా బలం.

పిల్లలు అమెరికాలో ఉంటే టికెట్టు దొరికి, హైదరాబాదులో దిగి, కారులో ఇంటికొచ్చేసరికి ఎంత లేదన్నా ఒకటిన్నర రోజు, మామూలుగా రెండు. ఆగాలా వద్దా, ఆగితే ఎన్ని గంటలు, రాలేకపోతే తలకొరివి ఎవరు పెట్టాలి, ఈ మూడూ మీరే రాయండి. కూతురు పెట్టాలనుకుంటే పేరుతో సహా రాయండి, లేదంటే వాకిట్లో పంచాయితీ మొదలవుతుంది. ఫ్రీజర్ బాక్సు నడవాలంటే కరెంటు ఆగకూడదు, ఇన్వర్టరు గంటలకొద్దీ లాగలేదు, మే నెలలో అసలే నమ్మొద్దు. జనరేటరు ఎవరిస్తారో కనుక్కోండి. వచ్చిన ప్రతివాళ్లూ మూత ఎత్తితే చల్లదనం నిలవదు, అద్దంలోంచి చూడమని చెప్పే మనిషి ఒకరు పక్కనే ఉండాలి. రెండు రోజులు దాటేటట్టుంటే ఆస్పత్రి మార్చురీయే నయం.

దహనం, ఖననం

ఏ శ్మశానమో పేరుతో రాయండి. విజయవాడలో కృష్ణలంక స్వర్గపురి అయినా, గుంటూరులో కొరిటెపాడు మహాప్రస్థానం, బొంగరాలబీడు అయినా ఒకసారి మీరే వెళ్లి కట్టెలా, గ్యాసా, ఏ టైములో తీసుకుంటారు, ఏ కాగితాలు అడుగుతారు, రేటెంత అని కనుక్కురండి. పొద్దుగూకితే దహనం చెయ్యరనే ఆచారం పాటించే ఇల్లయితే మధ్యాహ్నం రెండు తర్వాత జరిగిన మరణానికి మర్నాడు పొద్దున్నే లెక్క. కట్టెలు మూడు నాలుగు క్వింటాళ్లు పడతాయి. వానాకాలం తడి కట్టె అంటుకోక కిరసనాయిలు పోస్తూ నిలబడటం చూసేవాళ్లకు నరకం, ఆ నెలల్లో గ్యాసే మేలు. గ్యాసయితే రెండు గంటల్లోపే పూర్తవుతుంది, అస్థికలు ఆ రోజే చేతికొస్తాయి. కట్టెలైతే సంచయనం రోజు దాకా ఆగాలి. అక్కడిచ్చే రసీదు పారెయ్యొద్దు, మరణ ధ్రువపత్రానికి అడుగుతారు.

కృష్ణలో అస్థికల నిమజ్జనం దుర్గా ఘాట్, సీతానగరం, అమరావతి, హంసలదీవి ఎక్కడైనా సరే, ఒకటి రాయండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరద ఉండొచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు నది దగ్గరికి పోయే పరిస్థితే లేదు. "నీళ్లు తగ్గేదాకా ఆగండి, తొందర లేదు" అని రాసిపెట్టండి.

ఖననం చేసేవాళ్లకు స్థలమే ముఖ్యం. క్రైస్తవులైతే ఏ చర్చిలో పేరుందో, కుటుంబ సమాధిలో చోటుందో లేదో పాస్టరు గారిని అడిగి తేల్చుకోండి. ముస్లింలు ఆలస్యం చెయ్యరు కాబట్టి మస్జిద్ కమిటీ నంబరు, కబరస్తాన్ పేరు చాలు. కఫన్ మగవాళ్లకు మూడు, ఆడవాళ్లకు అయిదు గుడ్డలు. ఏ తంతూ వద్దనుకునేవాళ్లు అదే స్పష్టంగా రాయాలి. నాస్తికవాది గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడ పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం ఉన్న ప్రాంతం ఇది, ఆ కోరిక ఇక్కడ వింతేమీ కాదు. కాకపోతే సంస్మరణ సభ ఎక్కడ, ఎవరు మాట్లాడాలి అన్నది కూడా రాస్తేనే ఖాళీ ఉండదు. ఖాళీ కనిపిస్తే బంధువులు పురోహితుణ్ణి పిలుస్తారు.

కర్మలు జరిపించేవాళ్లు గోత్రం, మీ తండ్రి, తాత, ముత్తాత పేర్లు, తల్లి, నాయనమ్మ, తండ్రికి నాయనమ్మ పేర్లు రాయండి. పోయినవాళ్లను పితృదేవతల్లో కలిపే సపిండీకరణంలో పురోహితుడు మూడు తరాలు అడుగుతాడు. కొడుకులు తాత దగ్గరే ఆగిపోయి ఫోన్లు చేస్తుంటారు. పోయిన సమయాన్ని నిమిషంతో సహా రాసుకోమనండి, ఏటా తద్దినం పెట్టే తిథి దాని మీదే తేలుతుంది. ఏ దానాలు ఇవ్వాలో, ఏవి అక్కర్లేదో చెప్పండి. పెద్దకర్మ భోజనాలకు తల లెక్క మీరే వెయ్యండి. వందమందికి పది పన్నెండు కిలోల బియ్యం చాలు, అంతకు మించి వండితే మిగిలేదే.

ఫొటో కూడా ఇప్పుడే ఎంచండి. లేకపోతే రాత్రికి రాత్రి ఆధార్ కార్డు మీది ఫొటోను సాగదీసి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేస్తారు, ముక్కూ నోరూ చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

డబ్బు, కాగితాలు

ఖర్చుకు సరిపడా మొత్తం "ఐదర్ ఆర్ సర్వైవర్" జాయింటు ఖాతాలో ఉంచండి, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు డబ్బు తీసుకోగలిగే ఖాతా. మీ ఒక్కరి పేరున ఉంటే ఖాతా ఆగిపోతుంది, పోయాక ఏటీఎం కార్డు వాడటం తప్పు కూడా. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ డబ్బు తీసుకునేవాడే గాని సొంతదారుడు కాడు, ఆ తేడా పిల్లలకు చెప్పండి.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ముప్పై రోజుల్లోపైతే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలి. నమోదు పోయినచోటే. విజయవాడ మనిషి మంగళగిరి ఎయిమ్స్‌లో పోతే విజయవాడ కార్పొరేషన్ చుట్టూ తిరిగి లాభం లేదు. అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పట్టాదారు పాసుపుస్తకంలో ముందు, ఎల్‌ఐసీ బాండులో ఒక్క ఇనిషియల్. మూడూ ముందు పెట్టుకుని ఇప్పుడే సరిచేయించండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వార్డు సచివాలయంలో అడగాలని కూడా కింద ఒక వరుస రాయండి.

ప్రతి ఉగాదికీ కాగితం తీసి ఫోన్ నంబర్లు సరిచూసుకోండి. డాక్టరు ఊరు మారి ఉండొచ్చు, సంతకం పెట్టిన బావగారే పోయి ఉండొచ్చు. కొత్తది రాసి, తేదీ వేసి, పాతవన్నీ చించెయ్యండి. రెండు ప్రతులు దొరికితే ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుంటారు.