పాసు పుస్తకంలో పేరు లేని రైతును లెక్కలోకి తేవడం ఎలా?

ఒక ఆర్థిక విధానం స్త్రీలకు ఏం చేసిందో తేల్చేటప్పుడు చాలామంది లబ్ధిదారుల జాబితాలో ఆడవారి పేర్లు లెక్కపెట్టి ఊరుకుంటారు. అంతకంటే ముందు, అర్హతను ఏ కాగితం నిర్ణయిస్తోందో చూడాలి.

2018 మే నెలలో తెలంగాణలో మొదలైన రైతుబంధునే తీసుకుందాం. పంటకాలానికి ఎకరానికి 4,000 రూపాయలు, తర్వాత 5,000 రూపాయల చొప్పున పట్టాదారుకు సాయం అందింది. నిబంధనల్లో ఆడ, మగ అనే తేడా లేదు. అయినా నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరే మనిషి పేరు పాసు పుస్తకంలో లేకపోతే ఆమె ఆ పథకం లెక్కలో రైతు కాదు. అప్పటికి పెళ్లికాని హిందూ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించింది. ఆ హక్కుకూ రెవెన్యూ రికార్డులోని పేరుకూ మధ్య దూరం ఎంతుందో మండలాల వారీగా కొలిస్తే విశ్లేషణకు పునాది దొరుకుతుంది.

తర్వాత ‘కుటుంబం’ అనే గడిని విడగొట్టండి. పట్టా ఎవరిది, పని ఎవరిది, సాయం ఎవరి ఖాతాలో పడింది, అప్పు ఎవరి పేరున ఉంది అని నాలుగు గడులు గీయండి. సాయం భర్త ఖాతాలో పడి, విత్తనాల కోసం తెచ్చిన డ్వాక్రా రుణం భార్య పేరున ఉంటే, కుటుంబ ఆదాయం పెరిగిందన్న ఒక్క అంకెలో ఆ సంగతి కనిపించదు.

కాలాన్ని కూడా ఖర్చుగానే లెక్కించాలి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అలాగే నాటు యంత్రాలకు రాయితీ ఇచ్చే ప్రతిపాదన వస్తే, రైతుకు మిగిలే కూలి ఖర్చు పక్కనే నాటు కూలీలు కోల్పోయే పనిదినాలనూ రాయాలి. ఈ రెండో వరుస నివేదికల్లో తరచుగా జారిపోతుంది.

స్త్రీల కోసం ఏ పథకానికి ఎంత కేటాయించారో చూపుతూ కేంద్రం 2005-06 నుంచి ఇస్తున్న జెండర్ బడ్జెట్ ప్రకటన ఉపయోగకరమే గానీ, అది చెప్పేది కేటాయింపు. వాస్తవ ఖర్చును విడిగా సరిచూడాలి.

సర్వేకు వెళ్లినప్పుడు “మీరు పని చేస్తారా?” అని అడిగితే “లేదండీ, ఇంట్లోనే” అన్న జవాబు వస్తుంది. “నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారమ్మా?” అని, ఇంటాయన పక్కన లేనప్పుడు అడగండి.