ఒకే గదిలో ఇద్దరికీ మీటింగులు: ఎలాంటి హెడ్‌సెట్ కొనాలి?

బెంగళూరులో అద్దెలు చూశాక, ఇంట్లో ఆఫీసు పనికి ఇద్దరికీ చెరో గది అంటే చాలామందికి కుదిరే పని కాదు. మారతహళ్లి, బెల్లందూరు వైపు మనవాళ్ల ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే: చిన్న బెడ్‌రూమ్‌లో రెండు టేబుళ్లు, ఒకటి కిటికీ దగ్గర, ఇంకోటి బీరువా పక్కన, పదిన్నరకి ఇద్దరికీ ఒకేసారి స్టాండప్, అంటే రోజువారీ టీమ్ మీటింగ్. అలాంటి గదికి హెడ్‌సెట్ కొనడానికి వెళ్లి అందరూ ముందు అడిగేది 'నాయిస్ క్యాన్సిలేషన్ ఉందా' అని. షాపువాడు ఉందనే అంటాడు, అబద్ధమేమీ కాదు, కానీ అది ఎవరి చెవి కోసమో చెప్పడు.

ఏఎన్‌సీ, అంటే హెడ్‌సెట్‌లో ఉండే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, మీ చెవి కోసం. ఫ్యాను, ఏసీ, రింగ్ రోడ్డు హోరు లాంటి ఒకే తీరుగా సాగే చప్పుళ్లని బాగా తగ్గిస్తుంది, పక్క కుర్చీలోని మనిషి మాటల్ని మాత్రం అంతగా ఆపలేదు. అవతలివాళ్లకి మీ గది ఎలా వినిపిస్తోందన్నది పూర్తిగా మైక్ సంగతి, దానికి డబ్బా మీద ఈఎన్‌సీ అనో, నాయిస్ క్యాన్సిలింగ్ మైక్ అనో రాసి ఉంటుంది. పాతిక ముప్పై వేలు పెట్టి పాటల హెడ్‌ఫోన్ కొనుక్కున్నవాళ్ల కాల్స్‌లో కూడా పక్కవాళ్ల డెమో మొత్తం వినిపిస్తుంటుందంటే కారణం ఇదే. కాబట్టి ఉమ్మడి గదికి హెడ్‌సెట్ కొనేటప్పుడు మీ చెవుల కంటే ముందు మీ మాట వినేవాళ్లనీ, పక్కన కూర్చున్న మనిషినీ దృష్టిలో పెట్టుకోండి.

నా మటుకు మొదటి షరతు ఒకటే, నోటి దాకా వచ్చే కాడ మైక్ ఉండాలి, అంటే బూమ్ మైక్. శబ్దం వచ్చే చోటికి మైక్ దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ ఆ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవిలో పెట్టుకునే బడ్స్ మైక్ నోటికి 12 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, దాన్ని 3 సెంటీమీటర్లకి తెస్తే మీ గొంతు దాదాపు 12 డెసిబెల్స్ పెరిగినట్టు. పక్క టేబుల్ మనిషి మాత్రం మైక్‌కి ఎప్పటిలా ఆరడుగుల దూరంలోనే ఉంటాడు, అతని గొంతేమీ పెరగదు. మైక్‌ని సరిగ్గా నోటికి ఎదురుగా పెట్టొద్దు, 'ప', 'భ' పలికినప్పుడల్లా గాలి బుస్సుమని తగులుతుంది. పెదవి చివర, కాస్త కిందికి, రెండు వేళ్ల దూరంలో ఉంచితే చాలు.

రెండోది ఎవరూ అడగనిది, సైడ్‌టోన్. అంటే మీ గొంతు మీకే హెడ్‌సెట్‌లో కొద్దిగా వినిపించడం. చెవులు రెండూ పూర్తిగా మూసే హెడ్‌సెట్‌లో ఇది లేకపోతే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండి మనకి తెలియకుండానే అరుస్తాం, మన అరుపు పక్కవాళ్ల మైక్‌లోకి పోతుంది, వాళ్లూ గొంతు పెంచుతారు, ఇక ఆ గదిలో ఎవరికీ శాంతి ఉండదు. మీరు కొనే హెడ్‌సెట్ కంపెనీ యాప్‌లో సైడ్‌టోన్ తగ్గించుకునే, పెంచుకునే వీలుందో లేదో చూడండి. లేదంటే ఒంటి చెవి హెడ్‌సెట్ తీసుకోండి, కాలింగ్ బెల్ కూడా వినిపిస్తుంది. పిల్లలున్న ఇంట్లో నేనైతే అదే కొనమంటాను.

వైరా, వైర్‌లెస్సా? టేబుల్ దగ్గరే కూర్చునేవాళ్లకి యూఎస్‌బీ వైర్ హెడ్‌సెట్ చాలు, చార్జింగ్ టెన్షన్ ఉండదు. లాజిటెక్ హెచ్390, పాలీ బ్లాక్‌వైర్ 3220 ఈ కోవలోవే. 3.5 ఎంఎం పిన్ కంటే యూఎస్‌బీ మేలు, ఎందుకంటే ఎర్తింగ్ సరిగా లేని పాత బిల్డింగుల్లో ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే పిన్ హెడ్‌సెట్‌లో గుయ్ మనే శబ్దం రావచ్చు. బ్లూటూత్ అయితే ఇంకో చిక్కుంది. పాటలు బ్రహ్మాండంగా వినిపించిన హెడ్‌ఫోనే మీటింగ్‌లో చేరగానే మూసుకుపోయినట్టు అవుతుంది. మామూలు బ్లూటూత్‌లో పాటలకో ప్రొఫైల్, అంటే సౌండ్ పంపే పద్ధతి, కాల్స్‌కో ప్రొఫైల్. మైక్ ఆన్ అవగానే ల్యాప్‌టాప్ రెండోదానికి మారుతుంది, సౌండ్ రెండు చెవుల్లోనూ ఒకేలా, మోనో అయిపోయి, నాణ్యత 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కి, పాతవాటిలో 8కి పడిపోతుంది. అది రిపేరు కాదు, తిప్పి పంపకండి. వైర్‌లెస్సే కావాలంటే ల్యాప్‌టాప్‌కి గుచ్చే చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చేది తీసుకోండి, కనెక్షన్ నిలకడగా ఉంటుంది. వైఫైని కూడా 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటే బ్లూటూత్‌కి అడ్డం పడుతుంది.

పెట్టుకుని చూడకుండా కొనొద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లకి కమ్మీ మీద బిగుతు, దుద్దులు పెట్టుకునేవాళ్లకి చెవి తమ్మె మీద నొక్కుడు అరగంటలో తెలుస్తాయి. ఏప్రిల్ ఎండలకి రెక్సిన్ మెత్తలు చెమట పట్టిస్తాయి, గుడ్డ మెత్తలు నయం. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో బేరం ఆడొచ్చు గానీ జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, సీలు తీశాక వెనక్కి తీసుకుంటారో లేదో ముందే తేల్చుకోండి. ఆన్‌లైన్‌లో అయితే 'రిటర్న్' అని ఉందా, 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉందా చూసుకోండి. రెండో దాంట్లో నచ్చకపోతే అదే మోడల్ మళ్లీ వస్తుంది, డబ్బులు కాదు.

వచ్చిన రోజే పరీక్షించండి. ముందు సెట్టింగ్స్‌లో మైక్‌గా హెడ్‌సెట్టే ఎంచుకుని ఉందా చూడండి. చాలాసార్లు తలకి హెడ్‌సెట్ ఉంటుంది, మాట మాత్రం ల్యాప్‌టాప్ మైక్ వింటుంటుంది. తర్వాత వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, పక్క మనిషిని తన కుర్చీలోంచే మామూలు గొంతుతో కాల్ మాట్లాడమనండి. మీరు పది సెకన్లు ఊరికే ఉండండి, ఇంకో పది సెకన్లు మీరూ మాట్లాడండి. ఊరికే ఉన్నప్పటి భాగంలో పక్కవాళ్ల మాటలు పదం పదం అర్థమవుతుంటే ఆ మైక్ మీ గదికి పనికిరాదు, ఏదో గొణుగుడులా ఉంటే ఫర్వాలేదు. జూమ్, టీమ్స్‌లో ఉండే నాయిస్ సప్రెషన్ కుక్కర్ విజిల్‌ని, కీబోర్డు టకటకని బాగానే తీసేస్తుంది, కానీ పక్కవాళ్లదీ మనిషి గొంతే కాబట్టి మామూలుగా దాన్ని వదిలేస్తుంది. టైల్స్ గదిలో ప్రతి మాటా గోడలకి తగిలి తిరిగొస్తుంది, కిటికీకి దళసరి కర్టెన్ వేస్తే కొంత తగ్గుతుంది.

ఇద్దరూ ఒకే మోడల్ వైర్‌లెస్ కొంటే మాత్రం మొదటి రోజే బ్లూటూత్ పేర్లు మార్చండి, లేకపోతే పక్కవాళ్ల హెడ్‌సెట్ మీ ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ అయి మీ మేనేజర్ మాటలన్నీ వాళ్ల చెవిలో పడతాయి.